సున్నం కింది ఎర్ర అక్షరాలు

మొన్న పొద్దున మంచిర్యాలలో మా ఇంటి వరండాలో కూర్చుని చాయ్ తాగుతూ, తాగుతూ అనడం కంటే చల్లారబెట్టుకుంటూ అనడం సరైనదేమో, ఈ మధ్య ఏ పనైనా నాకు అట్లాగే సాగుతున్నది, రోడ్డు మీద పోయే లారీలను చూస్తూ ఉన్నాను. పక్కనే బ్యాంకు పరీక్షకు చదువుకుంటున్న మా కూతురి కూతురు ఫోనులోంచి తల ఎత్తకుండానే ఒక ప్రశ్న వేసింది. ఇంగ్లీషులో ‘ద రైటింగ్ ఈజ్ ఆన్ ద వాల్’ అంటే అర్థం ఏమిటి, కింద నాలుగు జవాబులున్నాయి, ఏది సరైనది అని. నేను అరక్షణం కూడా ఆలోచించకుండా సున్నం అన్నాను.

ఆ పిల్ల అప్పుడు ఫోను పక్కన పెట్టి నా ముఖంలోకి చూసింది. “నాలుగిట్ల సున్నం లేదు తాతా. తెల్లారకముందే మబ్బుల లేస్తే నీకు గిట్లనే అయితది. జర పండుకో పో.”

పడుకోలేదు. పడుకుంటే మాత్రం నిద్ర ఎక్కడిది, మన ఈడు వాళ్లకు తెలియనిదా. నేను దొరలతో ఇంగ్లీషులో వాదించి గెలిచిన వాణ్ణని ఇంట్లో ఇన్నేళ్లుగా చెప్పుకుంటూ వచ్చాను కాబట్టి ఆ పిల్ల నన్ను అడిగింది. నిజం చెప్పాలంటే ఒక్క దొరతో, ఒక్కసారి, అదీ వాదించలేదు, ఆయన చెప్పిన మాటను తెలుగు చేశాను. ఆ ఒక్కసారి ఆయన వాడిన మాట ఇదే.

సరైన జవాబు తరువాత ఆ పిల్లే చదివి వినిపించింది. తప్పించుకోలేని చెడు ఏదో రాబోతున్నదని, దాని గుర్తులు అందరికీ కనబడుతూనే ఉన్నాయని అర్థమట. పాత సినిమా హాలు మూతపడేముందు ఖాళీ కుర్చీలను చూసి అనవచ్చునట, వరుసగా ఓడిపోతున్న జట్టును చూసీ అనవచ్చునట. వింటూ ఉంటే నాకొకటి తోచింది. మనవాళ్లకు రాత అంటే నుదుటి మీద ఉండేది. అది ఎవరికీ కనబడదు, అద్దంలో చూసుకున్నా కనబడదు, కాబట్టి జరిగేది జరిగాక, అయ్యో రాత, అని ఊరుకుంటాం. ఇంగ్లీషువాడి రాత గోడ మీద ఉంటుంది. కనబడుతుంది. చదువుకోకపోతే తప్పు నీదే అన్నట్టు ఉంటుంది. రెంటిలో మనదే కొంచెం దయగల రాత అనిపించింది.

సరే, అసలు సంగతికి వస్తాను. నాకు మీసాలు గట్టిపడుతున్న రోజులవి. గోదావరికి ఇవతల ఒడ్డున కంపెనీ వారి బొగ్గు గనుల్లో ఒకదాని పక్క కాలనీలో ఉండేవాళ్లం. మా వైపు గనిని గని అని ఎవరూ అనరు, బాయి అంటారు. నీళ్ల బావినీ బాయే అంటారు కనుక కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లు, మీ ఆయన ఎటు పోయిండమ్మా అంటే బాయికి పోయిండని విని, ఇంత మబ్బులనే స్నానమా అని ఆశ్చర్యపోయేవారట. ఇది మా అవ్వ, అంటే మా అమ్మ, తన మీద తానే చెప్పుకున్న కథ.

బాపు, అంటే మా నాన్న, ఆసిఫాబాద్ వైపు మెట్ట పొలాల నుంచి వచ్చినవాడు, మాటల్లో మరాఠీ ముక్కలు దొర్లేవి. ఆయనకు బాయిలో జోడీదారు ఒకాయన ఉండేవాడు, హుజూరాబాద్ వైపు నేత పని వాళ్ల ఇంటి మనిషి. రక్తసంబంధం ఏమీ లేదు, అయినా మేము పిల్లలం ఆయనను కాక, అంటే చిన్నాయన, అనే పిలిచాం. బాపు ఆయనను ‘భావు’ అనేవాడు, అంటే వాళ్ల వైపు తమ్ముడూ అన్నా అన్నీ అదే. కాక ఎప్పుడూ తన మీద తానే జోకు వేసుకునేవాడు. “మగ్గం కాడ గుంటల కాళ్లు పెట్టుకొని కూసునేటోన్ని. ఇప్పుడు మొత్తం మనిషినే గుంటల దిగిన,” అని.

జోడీ అంటే ఏమిటో ఈ కాలం వాళ్లకు చెప్పాలి. బొగ్గును పారతో తట్టలోకి ఎత్తేది ఒకరు, ఆ తట్టను నెత్తిన పెట్టుకుని పట్టాల మీది టబ్బులో పోసేది మరొకరు. బాపు ఎత్తేవాడు, కాక మోసేవాడు. అయితే వాళ్ల జోడీలో బయటివాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. తుపాకి మందు పేలుళ్ల దగ్గర ఏళ్ల తరబడి పనిచేయడంతో బాపుకు చెవులు మందగించాయి. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి అందుకునేవాడు, చాటు నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. బాయి లోపల పైకప్పు కూలేముందు సన్నగా టిక్కుమంటుందట. ఆ చప్పుడు వినబడనివాడు అక్కడ ఉండకూడదు. అది కంపెనీ డాక్టరుకు తెలిస్తే పనికి పనికిరాడని రాసేస్తాడు. కాబట్టి ఇద్దరి చెవులూ కాకవే. చప్పుడు వినబడగానే తట్ట పారేసి బాపు భుజం పట్టి గుంజేవాడు. మా ఇంట్లో పొయ్యి వెలగడం, మా అవ్వ నిద్రపోవడం, అన్నీ ఆ గుంజుడు మీద ఆధారపడి ఉండేవి.

ఇక నా సంగతి. నాకు దీపాల గదిలో టోపీ దీపాలు తుడిచిచ్చే పని ఉండేది, అదీ రోజూ కాదు, ఎవరైనా రానప్పుడు. అసలు పేరు మాత్రం నాకు గోడల మీద వచ్చింది. యూనియన్ వాళ్లకు గోడ రాతలు రాసేవాణ్ణి. ఎర్ర జాజులో బంక కలిపి, ఈతకమ్మ కొసను నలగ్గొట్టి కుంచెగా చేసుకుని రాస్తే నా అక్షరాలు గోదావరి అవతలి ఒడ్డు వాళ్లు కూడా చదివేవారు. అవతలి ఒడ్డు అన్నది కొంచెం ఎక్కువైనట్టుంది. గేటు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ నుంచి చదివేవారు, ఎండ ముఖాన కొట్టకపోతే. బాయి గేటు పక్క గోడ మీద మనిషి ఎత్తు అక్షరాలతో ‘కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి’ అని రాసింది నేనే. ఎవరు రాశారో ఆఫీసు వాళ్లకు తెలియకూడదు, తెలిస్తే దీపాల గది పని పోతుంది. కాలనీలో పసిపిల్లలతో సహా అందరికీ తెలుసు.

ఆ ఏడు ఎండాకాలంలో బాయికి కొత్త మేనేజర్ వచ్చాడు. మలయాళ దేశం మనిషి. హిందీ వచ్చినా బాగుండేది, మావాళ్లకు ఉర్దూ ముక్కలు వచ్చు కనుక పని గడిచిపోయేది. ఆయనకు అదీ రాదు, ఇంగ్లీషు ఒక్కటే. ఆయన మాటలను తెలుగు చేసి చెప్పే, హాజరు పట్టీ రాసే మస్టర్ క్లర్కు బామ్మర్ది పెళ్లికని అత్తగారి ఊరికి పోయి, అక్కడ కామెర్లు పట్టుకుని మంచాన పడ్డాడు. ఇంజనీర్లకు, ఓవర్మెన్లకు ఇంగ్లీషు వచ్చు కానీ ఆ రోజు మొదటి షిఫ్టుకు ముందు గేటు దగ్గర మేనేజర్ అందరినీ నిలబెట్టినప్పుడు వాళ్లెవరూ అక్కడ లేరు. అప్పుడు జనమంతా ఒక్క గొంతుతో నా పేరు పిలిచారు. ఇది నేను ఎప్పుడూ చెప్పే పద్ధతి. జరిగింది మాత్రం ఇది. కాక నా వీపు మీద చెయ్యి వేసి ముందుకు నూకాడు. “మా వోడు ఇంటర్ పాసైండు, వాడు చెప్తడు,” అన్నాడు. పాసైన మాట నిజమే. ఇంగ్లీషు తప్ప.

మేనేజర్ మంచివాడు. గొంతు కూడా మెత్తన. మిమ్మల్ని భయపెట్టడం నాకు ఇష్టం లేదు అన్నాడు, అది నాకు అర్థమైంది, చెప్పాను. తరువాత ఒక క్షణం ఆగి, ‘ద రైటింగ్ ఈజ్ ఆన్ ద వాల్’ అన్నాడు. అంటూ వెనక్కి తిరిగి గేటు వైపే చూశాడు, లేక నాకు అట్లా కనబడిందో. గోడ మీద నా రాత ఆయన వెనకే ఉంది, మనిషి ఎత్తు, ఎర్రగా. ఆ పైన ఆయన అన్న మాట, దాన్ని చూడగలిగిన వాళ్లు ఈ నెలాఖరు లోపల నా ఆఫీసుకు వచ్చి పేర్లు ఇవ్వాలి, అని.

నేనేం చెప్పాను? గోడ మీద రాసిందెవరో చూసినవాళ్లు నెలాఖరు లోపల వచ్చి రాసినవాళ్ల పేర్లు ఇవ్వాలట, అని చెప్పాను. గొంతు వణకలేదని నేను చాలామందితో అన్నాను. వణికింది. చివరి మాట కాకే అందుకుని వెనక వాళ్లకు గట్టిగా చెప్పవలసి వచ్చింది.

అందరూ నా వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించడం నాకు తెలుస్తూనే ఉంది. మేనేజర్ వాళ్ల ముఖాలు చూసి, పాపం, విషయం బరువు అర్థమైందనుకున్నాడు కాబోలు, తల ఊపి లోపలికి పోయాడు.

ఆ ఆదివారం కాలనీ గోడలన్నీ తెల్లబడ్డాయి. మగవాళ్లు, ఆడవాళ్లు, బకెట్లు, చీపురు కట్టలు, చూసినవాళ్లు ఏదో జాతర అనుకునేటట్టు. అన్నీ అన్నాను కదూ. గేటు గోడ ఒకటి, క్యాంటీన్ గోడ సగం, అక్కడికి సున్నం అయిపోయింది. గేటు గోడకు బాపు, కాక ఇద్దరే వేశారు. రాత కనబడితేనే కదా ఎవరు రాసిండ్రని అడిగేది, అని వాళ్ల లెక్క. నేను పక్కనే నిలబడి సాయం చేశానని చెప్పాలని ఉంది కానీ ఆ రోజు నేను హుజూరాబాద్‌లో, కాక వాళ్ల అన్న ఇంట్లో, మరమగ్గాల గదిలో దాక్కున్నాను. ఆ మగ్గాల చప్పుడులో నా గుండె చప్పుడు నాకు వినబడకపోవడం ఒక్కటే అక్కడి సుఖం.

నెలంతా ఆఫీసు వైపు ఒక్క మనిషి పోలేదు. సంతకం పనులున్న వాళ్లు కూడా పోలేదు, పోతే పేరు చెప్పడానికి పోయిండనుకుంటారని. నేను తిరిగొచ్చాక చూస్తే, అంతకుముందు నాతో మాట్లాడటం మానేసిన వాళ్లు కూడా నన్ను చూసి తలాడించి పోతున్నారు. నేను అంత గౌరవం ఆ తరువాత ఎన్నడూ ఎరుగను.

నెల తిరిగాక మస్టర్ క్లర్కు వచ్చాడు, కళ్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. తిన్నగా చాయ్ హోటల్‌కు వచ్చి కూర్చున్నాడు. బాపు, కాక, నేను, షిఫ్టు దిగిన మరికొందరు అక్కడే ఉన్నాం.

“ఏందే, ఒక్కలు గూడ పేరియ్యలేదట,” అన్నాడు. “సారు పరేషాన్ల ఉన్నడు.”

“ఎందుకిస్తం?” అన్నాడు కాక. “పిలగాన్ని పట్టియ్యాల్నా?”

“ఏ పిలగాడు?”

“గోడ మీద రాసినోడు.”

క్లర్కుకు మొదట అర్థం కాలేదు. కాక విడమరచి చెప్పాక నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది, నీళ్లు తాగాడు, మళ్లీ నవ్వబోయి మా ముఖాలు చూసి ఆగిపోయాడు. గ్లాసు బల్ల మీద పెట్టి మెల్లగా చెప్పాడు.

“గోడ గాదురా, ఏం గాదు. బాయిల బొగ్గు అయిపోయింది, మూసుడు ఖాయమన్నట్టు. గా మాటకు అర్థం గది. ముందుగాల పేరిచ్చినోళ్లను జోడీ ఇడగొట్టకుండ కొత్త బాయికి పంపుతనని ఆయన మనసుల ఉండె. మీరు ఎవ్వలు రాలే. గా జాగల్ల వేరే బాయోళ్లను నింపిండ్రు.”

నాకు భూమి చీలి లోపలికి పోతే బాగుండునని ఉంది, కానీ మా వైపు భూమిని అప్పటికే కావలసినంత చీల్చారు. బాపు ఆ మాటలు క్లర్కు పెదవుల మీద చదివాడు. చదివి నా వైపు కాదు, కాక వైపు చూశాడు. అందరికంటే ముందు కాకే తేరుకున్నాడు.

“అయితే మా వోడు రాసిందొకటి, సదివిందొకటి,” అన్నాడు. “పోనియ్. మేమైతే పేరు చెప్పలే గద.”

అప్పుడు నవ్వారు అందరూ. నాకు ‘గోడ’ అన్న పేరు ఆ రోజు నుంచే వచ్చింది. పెళ్లి పత్రికల మీద రాయలేదు గానీ, ఇప్పటికీ పాత కాలనీ వాళ్లు ఎదురుపడితే, ఏం గోడా మంచిగున్నవా, అంటారు. మా ఆవిడకు ఆ పిలుపంటే ఒళ్లు మంట.

నేనే అంతా చెడగొట్టానని చాలా ఏళ్లు అనుకున్నాను. అనుకోవడంలో ఒక రకమైన గొప్ప కూడా ఉంది, ఒక్క మాటతో ఒక బాయి జాతకం మార్చినవాణ్ణి అన్నట్టు. ఇప్పుడు ఓపిక తగ్గాక తీరిగ్గా ఆలోచిస్తే అంత గొప్ప నాకు లేదు. టబ్బుల్లో సగం రాయి వస్తూ ఉండేది. నీళ్లు తోడే మోటార్లు రాత్రింబగళ్లు ఆగేవి కావు. విరిగిన బెంచీ స్థానంలో కొత్త బెంచీ రావడం, పాత మనిషి స్థానంలో కొత్త మనిషి రావడం ఎప్పుడో ఆగిపోయాయి. ఇవన్నీ మా అందరికీ కనబడుతూనే ఉన్నాయి. ఆ ఇంగ్లీషు మాటకు అర్థం తెలియకపోయినా అందులో చెప్పిన రాత మా కళ్ల ముందే ఉంది. దాన్ని చదవాలని మాకు లేదు, అంతే. నేను సరిగ్గా తెలుగు చేసి ఉంటే ఎందరు పేర్లిచ్చేవారో నాకు తెలియదు. ఇద్దరు మాత్రం ఇచ్చేవారు. అది నాకు తెలుసు.

వానలు మొదలయ్యాక బదిలీ ఆర్డర్లు వచ్చాయి. హుజూరాబాద్ మనిషి కాకను ఆసిఫాబాద్ వైపు బాయికి వేశారు. ఆసిఫాబాద్ మనిషి బాపును గోదావరి దాటించి కరీంనగర్ వైపు బాయికి వేశారు. ఇద్దరినీ ఒకే బాయికి మార్చడానికి వీలుందేమోనని క్లర్కు తిరిగాడు, మేనేజర్ కూడా పై ఆఫీసుకు మాట్లాడాడంటారు. ఏమీ కాలేదు. ఎందుకు కలిసి ఉండాలో చెప్పడానికి వాళ్లిద్దరికీ నోరు రాలేదు. చెవి సంగతి చెబితే బాపు పనే పోతుంది.

బయలుదేరే రోజు పొద్దున నేను సామాను మూటలు కట్టి గేటు దాకా తెచ్చాను. వానకు గేటు గోడ మీద సున్నం కారిపోయి, పెళ్లలు పెళ్లలుగా ఊడి, నా ఎర్ర అక్షరాలు మళ్లీ బయటికి వచ్చాయి. అన్నీ కాదు, సగం సగం. వర్ధిల్లాలిలో ధ కింద నేను ఒత్తు మరిచిపోయి ద రాశానని అప్పుడు చూసుకున్నాను. ఏళ్లుగా ఆ తప్పు ఎవరూ చెప్పలేదు, చదువుకున్నవాళ్లకు మా గోడ చదివే అవసరం లేదు, చదువు రానివాళ్లకు తప్పు తెలియదు.

ఈ చోటికి వచ్చేసరికి నేను ఎప్పుడూ బాపు, కాక ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారని చెబుతాను. వినేవాళ్లకు అది నచ్చుతుంది. ఏడవలేదు. లారీ కోసం చూస్తూ చెరొక బీడీ ముట్టించుకుని, ఎవరి బాయిలో నీళ్లు ఎక్కువుంటాయని కాసేపు కొట్లాడుకున్నారు. కాక గోడ వైపు చూసి, “గిదేం రాసినవురా నువ్వు? ఇన్నొద్దుల సంది అడుగలే,” అన్నాడు. నేను చదివి చెప్పాను. కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి. కాక దాన్ని బాపుకు ఎదురుగా నిలబడి, పెదవులు నిదానంగా కదిలిస్తూ మళ్లీ చెప్పాడు. బాపు తల ఊపాడు. తరువాత కాక భుజం మీది తువ్వాల తీసి, గుంతలోని వాన నీళ్లలో ముంచి, తామే వేసిన సున్నాన్ని ఆ అక్షరాల మీద నుంచి తుడవడం మొదలుపెట్టాడు. బాపు తన తువ్వాల తడిపి రెండో చివర నుంచి తుడిచాడు. లారీ వచ్చేసరికి మధ్యలో ఒక అక్షరం సున్నం కిందే మిగిలింది. అది అట్లాగే ఉండిపోయింది.

అవతలి బాయిలో బాపుకు ఏమీ కాలేదు. ఆ మాట ఇంత తేలిగ్గా రాశాను గానీ, షిఫ్టు దిగే వేళకు అవ్వ వాకిట్లో నిలబడి ఆయన నడక కనబడేదాకా లోపలికి రాకపోవడం, ఆయన రిటైరైన రోజు దాకా నడిచింది. కొత్త జోడీదారుకు చెవి సంగతి చెప్పనే లేదు. కాకను మళ్లీ పెళ్లిళ్లలోనే చూశాం. అప్పటికి ఆయన ఎవరిని పిలిచినా భావూ అంటున్నాడు, బాపు మాటల్లోంచి మరాఠీ అంతా రాలిపోయింది. ఇద్దరూ ఒకరి ఊరి మాట ఒకరు తీసుకుని వెళ్లిపోయారు. ఇప్పుడు ఇద్దరూ లేరు.

ఆ గోడ కూడా లేదు. ఓపెన్‌కాస్టు వాళ్లు కాలనీతో సహా అక్కడి నేలంతా తవ్వేశారు, గేటు ఉన్న చోట ఇప్పుడు గాలి ఉంది, దాని కింద లోతు ఉంది. ఈ రోజుల్లో ఆర్డర్లు ఎవరి ఫోనులో వాళ్లకు వస్తాయి, ఎవరిది వాళ్లు తల వంచుకుని చదువుకుంటారు. అందరూ కలిసి తప్పుగా చదవడానికి ఒక గోడ లేదు. ఒకరి పేరు చెప్పకుండా నెలంతా నోరు మూసుకునే అవసరమూ ఎవరికీ పడటం లేదు. మంచిదే కావచ్చు. నాకు అలసటగా ఉంది, మంచి చెడు తేల్చే ఓపిక లేదు.

సాయంత్రం మా మనవరాలు మళ్లీ వచ్చి, పొద్దున సున్నం ఎందుకన్నవు తాతా, అని అడిగింది. ఇదంతా చెప్పాను. ఏడ్చారని చెప్పలేదు ఈసారి. విని, గా మిగిలిన అక్షరం ఏది, అని అడిగింది.

‘ఐ’ అని చెప్పాను. గుర్తుండి చెప్పానో, కల్పించి చెప్పానో, ఇప్పుడు నాకే తెలియడం లేదు.